కంప్యూటరుకు రెండు రూపాయల వడ్డీ తెలీదంట!

వంటయిందా? అయితే కాసేపు ఇట్ల గోడ కాడికి రాండి. ఎండ ఇంకా దిగలేదు, ఇప్పుడే మీకంత అర్జెంటు పనేముంది? పొయ్యి మీద పాలేమన్నా ఉంటే దించి రాండి, నేను యాడికీ పోను.

ఎదురింటి కోడలి సంగతి విన్నారా? అదే, బెంగళూరు కంపెనీకి ఇంట్లోనే కూర్చొని పని చేస్తాదే, ఆ పిల్ల. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, ఇంగ్లీషులో తనలో తాను మాట్లాడుకుంటా మిద్దె మీద తిరుగుతా ఉంటాది. మొదట్లో వీధిలో వాళ్ళు ఏమేమో అనుకున్నారులెండి. నేనైతే ఏమీ అనుకోలా, నేరుగా పోయి అడిగినా. "రిపోర్టులు చేస్తా అత్తా" అనింది. "రిపోర్టులకు అంత జీతమా?" అని నోటిదాకా వచ్చింది గానీ ఊరకుండినా. జీతమెంతో వాళ్ళత్త నాకు ముందే చెప్పింది, మీకు తర్వాత చెప్తాలెండి.

ఇప్పుడు రిపోర్టంటే కాయితాల కట్ట కాదంట. తెర మీద ఒక నెల పైన వేలు పెడితే చాలు, ఆ నెల జమాఖర్చంతా విచ్చుకుంటాది. పక్కన ఒక గీత ఉంటాది. దాన్ని అటూ ఇటూ జరిపితే "ధర ఇంత తగ్గితే మిగిలేదెంత" అని అంకెలన్నీ అప్పటికప్పుడు మారిపోతాయి. ఇట్లాంటిది కావాలంటే ఇంతకు ముందు ప్రోగ్రాము రాసేవాళ్ళ కోసం కాచుకోని ఉండాల. ఇప్పుడు ఎక్సెల్ ఫైలు చాట్‌జీపీటీ, క్లాడ్ లాంటి ఏఐకి ఇచ్చి, మనం పక్కింటోళ్ళకు చెప్పినట్టే "నెలనెలా చూపించు, ఈడొక మీట పెట్టు" అని చెప్తే ప్రోగ్రామంతా అదే రాసిచ్చేస్తాదంట.

ఎక్సెల్ అంటే గుర్తొచ్చింది. దాన్ని అమ్మే మైక్రోసాఫ్టుకు 2014 నుంచి పెద్ద దిక్కుగా ఉండే సత్య నాదెళ్ల ఉండారే, ఆయన పూర్వీకుల ఊరు అనంతపురం జిల్లా బుక్కాపురం. మన పులివెందుల దాటితే ఆ జిల్లానే గదా! తండ్రి యుగంధర్ గారు ఐఏఎస్ అధికారిగా పని చేసినారు. ఎక్సెల్‌లోనే కోపైలట్ అని ఇట్లాంటి ఏఐని పెడతామని వాళ్ళు 2023 మార్చిలో ప్రకటించినారు. మన పక్కోళ్ళే గదా అని ఆ పిల్లతో అంటే నవ్వింది. నవ్వితే నవ్వనీ.

ఏం చెప్తాంటి? ఆఁ, రిపోర్టు. ఒక ఆదివారం ఆ పాప ఊరికే ఉండలేక మా పసుపు లెక్క దాంట్లో పెట్టింది. విత్తనం కొమ్ములు, ఎరువు, కూలీలు, ఉడకబెట్టేదానికయ్యే ఖర్చు, కడప మార్కెట్టుకు బాడుగ, అన్నీ. ధర కాడ ఆ జరిపే గీత పెట్టింది. మా ఇంటాయన చేతికిస్తే ఏం చేసినాడో తెలుసునా? గీతను పైకే జరుపుతాడు. ఈ కొసన పెట్టి లాభం చూసుకొని మీసం తడుముకుంటాడు. "మామా, కిందికి కూడా జరిపి చూడు, దానికోసమే గదా పెట్టింది" అంటే, "దాన్ని చూసేదేముంది, ఏటా చూస్తానే ఉండా" అంటాడు. ఆ మాటకు ఆ పిల్ల కాడ జవాబు ల్యా.

అసలు తమాషా మా డ్వాక్రా సంఘం కాడ జరిగింది. మీకు తెలియంది కాదు, 1982లో డ్వాక్రా మొదలైన కాణ్నుంచి మన ఆడోళ్ళకు బ్యాంకు లెక్క, పొదుపు లెక్క, తీర్మానం పుస్తకం అన్నీ అలవాటే. మా సంఘం పుస్తకాలకు ఫోటోలు తీసి ఏఐకిచ్చింది ఆ పాప. బయట వడ్డీకి తెచ్చిన అప్పులు కూడా కొన్ని చేర్చింది. కాసేపటికి రంగురంగుల బొమ్మలు తయారు. గుండ్రటి బొమ్మొకటి వేసి ముక్కలు చేసింటే, మా వీధి జేజి "ఈ చపాతీ ఎవరికమ్మా?" అనింది.

ఆ జేజి బడికి పోలేదు గానీ వడ్డీ మాత్రం వేళ్ళ మీదే ఉంటాది. తెర మీద ఒక వరస చూపించి చదవమనింది. "యాభై వేలు, రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి వెయ్యి" అని ఆ పాప చదివింది. జేజి గమ్మున లేచి కూర్చుంది. "నెలకు వెయ్యి గదే పాపా! ఏడాదికి పన్నెండు వేలు. ఇంత చవకగా ఇచ్చే మారాజు ఎవరో చెప్పు, ఇప్పుడే పోతా!"

అది సంగతి. మనకు రెండు రూపాయలంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. ఆ యంత్రమేమో రెండు శాతం అంటే ఏడాదికే అనుకొనింది. 2004లో రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం వచ్చినాక పావలా వడ్డీ అన్నారు, అంటే ఏడాదికి మూడు శాతం అని మన సంఘాల్లో ఎవర్నడిగినా చెప్తారు. ఆ యంత్రానికి మాత్రం ఇదంతా మనమే చెప్పాల. ఇంకోటి, 03/04 అని రాసింటే ఏప్రిల్ 3ను మార్చి 4 చేసింది. ఇంగ్లీషోళ్ళలో అమెరికావాళ్ళు నెల ముందు రాస్తారంట, ఖర్మ.

ఎందుకిట్ల అని అడిగితే ఆ పిల్ల విడమరిచి చెప్పింది. అది మన మాదిరి కూడికలు వేయదంట. ఈ మాట తర్వాత ఏ మాట వస్తాదో ఊహించి రాస్తాదంట. అందుకే "మొత్తం ఎంత?" అని నోటిలెక్క అడగకూడదు. "సూత్రం రాయి, ప్రోగ్రాముతో లెక్క వేయి, ఈ అంకె ఏ వరస నుంచి వచ్చిందో చూపించు" అని అడగాల. అప్పుడు పాప ప్రతి అంకె పక్కన ఒక మీట పెట్టింది. నొక్కితే మన పుస్తకంలో ఆ పేజీ ఫోటో వస్తాది, మన గిలుకు రాతతో సహా. జేజికి బొమ్మలేవీ పట్టలా, ఆ మీట ఒక్కటే కావాల. ప్రతి అంకెకూ నొక్కిస్తాది, పాపం ఆ పిల్లకు కాఫీ కూడా చల్లారిపాయ.

జేజిది చాదస్తం అనుకుంటారేమో, నేనట్ల అనుకోను. ఆస్ట్రేలియాలో డెలాయిట్ అనే పెద్ద కంపెనీ ఆ ప్రభుత్వానికి సుమారు 4,40,000 ఆస్ట్రేలియా డాలర్లకు ఒక రిపోర్టు చేసిచ్చింది. దాంట్లో ఏఐని వాడినారు. లేని పుస్తకాలను ఉన్నట్టు చూపించిందని బయటపడి, 2025 అక్టోబరులో కొంత డబ్బు వెనక్కిస్తామని ఒప్పుకున్నారు. ఒక్కరన్నా మీట నొక్కి అడిగింటే కదా!

అట్లని ఏఐ ఒక్కదాన్నే అనేదెందుకు? సత్యం కంపెనీ రాజుగారు 2009 జనవరి 7న ఉత్తరం రాసినారు, గుర్తుందా? 5,040 కోట్ల నగదు పుస్తకాల్లోనే ఉంది, బ్యాంకులో లేదు అని. అప్పటికి ఈ ఏఐలు యాడున్నాయి? రిపోర్టులు మాత్రం నున్నటి కాయితం మీద బ్రహ్మాండంగా అచ్చయ్యేవి.

ఇదో, మీ చీటీల లెక్క కూడా ఆ పాపతో చేయిద్దాం, ఆదివారం పుస్తకం తీసుకొని రాండి. ఫోటో తీసే ముందు ఆధార్ నంబర్లు, అకౌంటు నంబర్లు, ఫోన్ నంబర్లు కాయితం అడ్డం పెట్టి మూయండి, అవి ఆ యంత్రానికి అక్కర్లేదు. పేర్ల బదులు ఒకటి, రెండు అని వేసుకోండి. వడ్డీ నెలకా ఏడాదికా అని మొదటి వరసలోనే రాయండి. జేజిని కూడా పిలుస్తా. ఆమె ఒప్పుకున్నాకే లెక్క ఖాయం.