సరస్సు ఒడ్డున నేర్చిన పాఠం

నమాజుకు నిలబడితే ముఖం పడమటికి తిప్పడం మన దేశంలో మనందరికీ చిన్ననాటి నుంచి అలవాటు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మా అమ్మాయి ఇంట మొదటిసారి ముసల్లా పరిచినప్పుడు నేను అలవాటు కొద్దీ పడమటికే పరిచాను. అల్లుడు నవ్వి, దానిని మెల్లగా ఈశాన్యానికి తిప్పాడు. భూగోళం మీద అక్కడి నుంచి మక్కాకు అతి దగ్గరి దారి ఈశాన్యంగానే సాగుతుంది. యాభై ఏళ్ళుగా దేహానికి పట్టిన దిక్కు మారేసరికి మొదటి రెండు రోజులు నమాజులో మనసు నిలవలేదు.

గత వేసవిలో నేనూ మా ఇల్లాలూ రెండు నెలలు అక్కడ గడిపాము. మద్రసా బాధ్యతల వల్ల అంతకు పూర్వం ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేకపోయాను. అమ్మాయి అక్కడ కాపురం పెట్టి పదకొండేళ్ళు. మనవడికి పదేళ్ళు నిండాయి. వాడిని నేను ఫోను తెరమీద తప్ప ఎదురుగా చూసింది కేవలం రెండుసార్లు.

మిన్నెసోటా అనే పేరు అక్కడి ఆదివాసులైన డకోటా ప్రజల భాష నుంచి వచ్చింది. ఆకాశపు రంగును తనలో చూపించే నీరు అని దానికి అర్థం చెబుతారు. పది వేల సరస్సుల నేల అని వాహనాల నంబరు పలకల మీద కూడా రాసుకుంటారు. పదెకరాలకు మించిన సరస్సులను లెక్కిస్తే 11,842 తేలాయట. వేల ఏళ్ళ క్రితం ఈ ప్రాంతాన్ని కప్పివున్న మంచు పలకలు కరిగి వెనక్కి తగ్గినప్పుడు ఏర్పడిన గుంటలే ఈ సరస్సులు. సృష్టికర్త పనితనానికి ఎన్ని రూపాలో!

ముస్లిం సమాజం కూడా అక్కడ చెప్పుకోదగినంత ఉంది. అంతర్యుద్ధం వల్ల స్వదేశం విడిచిన సోమాలీ సోదరులు వేల సంఖ్యలో మినియాపొలిస్ నగరంలో స్థిరపడ్డారు. ఏడాది పొడుగునా ఐదు పూటలా అజాన్‌ను లౌడ్‌స్పీకరులో వినిపించుకోవడానికి 2023 ఏప్రిల్‌లో ఆ నగర పాలకమండలి అనుమతించింది. అమెరికా పెద్ద నగరాలలో అలా అనుమతించిన మొదటి నగరం అదే. సీడర్-రివర్‌సైడ్ ప్రాంతంలో నిలబడి అజాన్ విన్నప్పుడు నా కళ్ళు చెమర్చాయి.

మైదానంలో మనవడు

జూన్ నెలలో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిది ప్రాంతంలో గాని అస్తమించడు. ఆ పొడవైన సాయంత్రాలలో పిల్లలందరూ మైదానాలలో ఉంటారు. మా మనవడు బేస్‌బాల్ ఆడుతున్నాడని తెలిసి నేను మొదట ముఖం చిట్లించాను. ఆ సమయం పాఠానికి వెచ్చిస్తే ఎంత బాగుండునని మనసులో అనుకున్నాను. దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్న వృత్తాంతాన్ని విద్యార్థులకు చెప్పే నేనే, సొంత మనవడి ఆటను వ్యర్థంగా భావించాను.

క్రికెట్ తెలిసిన మనకు ఈ ఆట అర్థం కావడం కష్టం కాదు. మైదానం వజ్రాకారంలో ఉంటుంది. నాలుగు మూలలలో ఒకదానిని హోమ్ అంటారు, అంటే ఇల్లు. బ్యాటు పట్టినవాడు అక్కడ నిలబడి బంతిని కొట్టి, తక్కిన మూడు మూలలనూ వరుసగా తాకి, తిరిగి ఇల్లు చేరితే ఒక పరుగు. బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది. ఫీల్డింగు చేసే తొమ్మిది మందీ చేతికి తోలు గ్లవ్ తొడుగుకుంటారు. పిల్లల కోసం 1939లో పెన్సిల్వేనియాలో ఆరంభమైన లిటిల్ లీగ్ పద్ధతిలో మైదానం చిన్నది, ఆట ఆరు ఇన్నింగ్సులు. పెద్దలకు తొమ్మిది.

శిక్షకులుగా వచ్చేవారు పిల్లల తండ్రులే. జీతం లేదు. తల్లులు మడత కుర్చీలు, నీళ్ళ సీసాలు తెచ్చుకుని గీత అవతల కూర్చుంటారు. మా అమ్మాయి హిజాబ్ సర్దుకుని ఒడిలో ఒక పొడవాటి పుస్తకం పెట్టుకుంది. అది స్కోరు పుస్తకం. జట్టు తరఫున లెక్క రాసే పని తనదేనట. ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. బంతి విసిరేవాడు ఒకటి, అతని ఎదుట పట్టుకునేవాడు రెండు. అలా సాగి కుడివైపు దూరంగా నిలబడేవాడు తొమ్మిది. మా మనవడి స్థానం ఆ తొమ్మిదే.

నాలుగో ఇన్నింగ్సులో ఒక బంతి ఆకాశంలోకి లేచి నేరుగా వాడి వైపు వచ్చింది. వాడు రెండడుగులు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి తగ్గి, గ్లవ్ పైకెత్తాడు. బంతి గ్లవ్ అంచుకు తగిలి కింద పడింది. ఎదుటి జట్టువారు ఇద్దరు ఇల్లు చేరారు. వాడు తల వంచుకుని గడ్డి వైపు చూస్తూ ఉండిపోయాడు.

నా నోటి దాకా ఒక మాట వచ్చింది. అంతలో అమ్మాయి పెన్సిలు తీసి పుస్తకంలో 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరమూ, పక్కన 9 అంకే రాసింది. తొమ్మిదవ స్థానంలోని వాడి పొరపాటు అని అర్థం. ఈ ఆటలో పొరపాట్లను కూడా పేరుపేరునా లెక్క రాస్తారు. కన్నతల్లి తన కొడుకు తప్పును తన చేత్తో రాసింది. తరువాత తలెత్తి, వాడు తన వైపు చూసేదాకా ఆగి, చిరునవ్వుతో తల ఊపింది. శిక్షకుడు చప్పట్లు కొట్టి, తరువాతి బంతి మీద దృష్టి పెట్టమని కేక వేశాడు. ఆట సాగింది.

ఆట ముగిశాక మైదానం పక్క గడ్డి మీదనే అస్ర్ చదువుకున్నాము. సజ్దాకు అడ్డం రాకుండా మనవడు టోపీ అంచును వెనక్కి తిప్పుకుని నా పక్కన నిలబడ్డాడు.

ఇంటికి వెళ్ళే దారిలో అమ్మాయిని అడిగాను.

"సొంత బిడ్డ తప్పును అంత నికరంగా రాయాలా అమ్మా?"

"జరిగింది రాయాలి కదా అబ్బా," అంది. కొద్దిసేపు ఆగి, "రాస్తే చాలు. అరవనక్కరలేదు," అంది.

ఆ మాట మనవడి గురించి కాదని నాకు ఆ క్షణంలోనే అర్థమయింది.

ఇరవై ఏళ్ళనాటి ఒక సాయంత్రం

అమ్మాయికి పదకొండో ఏడు. అప్పటికి ఖుర్ఆన్‌లో ఆరు పారాలు కంఠస్థం చేసింది. స్వరం చక్కనిది. ఇంటికి బంధువులూ, తోటి ఉస్తాదులూ వచ్చిన ఒక సాయంత్రం నేను గర్వంతో ఆమెను పిలిచి వినిపించమన్నాను. మధ్యలో ఒకచోట తడబడింది. మళ్ళీ మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. అందరి ఎదుటా నేను, "ఇన్నాళ్ళూ చదివింది ఇంతేనా? నా పరువు తీశావు," అని గద్దించాను. పిల్ల ఏడవలేదు. లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆమె నా ఎదుట పైకి ఖుర్ఆన్ చదవడం నేను వినలేదు. హిఫ్జ్ అక్కడితో ఆగింది. పాఠశాల చదువు భారం వల్ల ఆగిందని నేను నలుగురికీ చెప్పుకున్నాను, నాకు నేను కూడా చెప్పుకున్నాను.

హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు దైవప్రవక్త (సఅసం) సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన తన మీద విసుగుపడలేదని, చేసినదానికి గాని చేయనిదానికి గాని నిలదీయలేదని అనస్ (రజి) సాక్ష్యమిచ్చారు. ఈ హదీసును నేను ఏటేటా పాఠంగా చెబుతాను. దాని సనదును చూడకుండా చెప్పగలను. కాని నా ఇంట్లో దానిని పాటించలేకపోయాను.

పాత కేబిన్

అక్కడివారికి వేసవి అంటే సరస్సు ఒడ్డున కేబిన్. చాలా మంది దానిని తాతల నుంచి వారసత్వంగా పొంది, ఏటా వేసవిలో కొన్ని వారాలు అక్కడ గడుపుతారు. అల్లుడితో పనిచేసే ఒక పెద్దాయన తమ పాత కేబిన్‌ను మాకు నాలుగు రోజులు ఇచ్చాడు. అది మినియాపొలిస్‌కు ఉత్తరంగా సుమారు రెండు వందల కిలోమీటర్లు, బ్రెయినర్డ్ పట్టణం పరిసరాలలో ఉంది. అద్దె తీసుకోలేదు. వెళ్ళేటప్పుడు పొయ్యిలోని బూడిద ఎత్తిపోయమని మాత్రం చెప్పాడు.

దుంగలతో కట్టిన రెండు గదుల ఇల్లు. నడిస్తే నేల కిర్రుమంటుంది. వంటగది ద్వారబంధం మీద పెన్సిలు గీతలు, పక్కన పేర్లు. ఆ కుటుంబంలో నాలుగు తరాల పిల్లలు వేసవి వేసవికీ ఎంత ఎదిగారో ఆ కొయ్య మీద గుర్తు పెట్టుకున్నారు. ముందు సరస్సు, నీటిలోకి సాగిన చెక్క వంతెన. రాత్రిపూట లూన్ అనే నీటిపక్షి పొడవుగా అరుస్తుంది. అది ఆ రాష్ట్రపు అధికార పక్షి. మొదటి రాత్రి ఎవరో ఏడుస్తున్నారని మా ఇల్లాలు లేచి కూర్చుంది. దోమల సంగతికి వస్తే, మన కర్నూలు దోమలే నయం.

ప్రయాణికులమైనందున నాలుగు రకాతుల నమాజులను రెండుగా ఖస్ర్ చేశాము. "ఇక్కడే ఉండిపోతే ఎప్పటికీ రెండేనా నానా?" అని మనవడు ఆశగా అడిగాడు. పదిహేను రోజులకు తక్కువ ఉంటేనే ఈ రాయితీ అని చెబితే వాడి ముఖం వాడిపోయింది. అక్కడి మాంసం విషయంలో జాగ్రత్త అవసరం గనుక, సరస్సు చేపలే మాకు ఆధారం. పదహారేళ్ళు దాటినవారు చేపలు పట్టాలంటే లైసెన్సు కొనాలి. అల్లుడు కొన్నాడు. వాలై అనే చేపతో మా ఇల్లాలు చింతపండు పులుసు కాచింది. ఆ దుంగల ఇంట్లో పులుసు వాసన మా వీధిని గుర్తుకు తెచ్చింది.

రెండవ సాయంత్రం దగ్గరి చిన్న ఊరిలో పెద్దల బేస్‌బాల్ చూశాము. దీనిని టౌన్ బాల్ అంటారు. ఆడేవారు రైతులు, మెకానిక్కులు, బడిపంతుళ్ళు. డబ్బు కోసం కాదు, ఊరి పేరు కోసం ఆడతారు. ఈ ఔత్సాహిక జట్ల రాష్ట్ర పోటీలు 1924 నుంచి జరుగుతున్నాయి. పది ప్రయత్నాలలో మూడుసార్లు బంతిని సరిగా కొట్టగలిగినవాడిని ఈ ఆటలో మంచి ఆటగాడంటారని అల్లుడు చెప్పాడు. పెద్ద లీగులలో 1941లో టెడ్ విలియమ్స్ పదింటికి నాలుగు దాటాడట. పదింటికి ఏడుసార్లు ఓడినవాడిని కూడా తలెత్తుకుని మళ్ళీ నిలబడనిచ్చే ఆట అది. పక్కనే కూర్చున్న మనవడు ఆ మాటలు శ్రద్ధగా వింటున్నాడు. ఆరోజు జారిన బంతి ఇంకా వాడి మనసులో ఉందని తెలుసుకున్నాను.

మూడవ ఉదయం

ఫజ్ర్ తరువాత నేను లోపల జిక్ర్ చేసుకుంటున్నాను. వరండాలో అమ్మాయి కొడుకు చేత పాఠం చదివిస్తోంది. ఆమె ఆదివారాలలో మస్జిదులో చిన్నపిల్లలకు నాజరా నేర్పుతోందని నాకు తెలుసు. ఎలా నేర్పుతుందో వినడం అదే మొదలు. వాడు ఒక పదం దగ్గర ఆగాడు. ఆమె మాట్లాడలేదు. కొంతసేపు వేచి, ఆ ఒక్క పదాన్ని మెల్లగా అందించింది. వాడు అందుకున్నాడు. మళ్ళీ తప్పితే మళ్ళీ అందించింది. గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు.

వాడు సరస్సు వైపు పరుగెత్తాక నేను వరండాలోకి వెళ్ళాను. ఆమె ముస్‌హఫ్‌ను మూయబోయింది.

"ఉంచమ్మా," అన్నాను. "ఊరు విడిచినప్పటి నుంచీ నా దౌర్ వినేవారు లేరు. నువ్వు విను. తప్పితే అందించు."

ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూసింది. నేను సూరా షుఅరా మొదలుపెట్టాను. ప్రవక్తల వృత్తాంతాలలో ఒకేలాంటి వాక్యాలు తిరిగి తిరిగి వచ్చే సూరా అది. హాఫిజులు కూడా అక్కడ ఒకరి కథ నుంచి మరొకరి కథలోకి జారిపోతారు. నేనూ జారాను. కావాలని కాదు. అమ్మాయి ఆగింది. నేను మళ్ళీ ఎత్తుకున్నాను, మళ్ళీ అక్కడే తప్పాను. అప్పుడు ఆమె, ఇరవై ఏళ్ళుగా నేను వినని ఆ స్వరంతో, సరైన పదాన్ని అందించింది.

నేను ముందుకు చదవలేకపోయాను. "ఆ రోజు తప్పు నీది కాదమ్మా, నాది. నన్ను మన్నించు," అన్నాను. అంతకుమించి మాటలు రాలేదు. ఆమె చాలాసేపు సరస్సు వైపు చూసింది. "కానివ్వండి అబ్బా, అక్కడి నుంచే చదవండి," అంది చివరకు. నేను చదివాను. తరువాత ఆమె తన ఆరో పారా నుంచి కొంత వినిపించింది. రెండుచోట్ల ఆగింది. నేను వేచి ఉన్నాను.

ఆమె హిఫ్జ్ పూర్తిచేస్తుందో లేదో అల్లాహ్‌కే ఎరుక. ఇప్పుడు ఆదివారం రాత్రులు ఫోనులో నాకు అర పేజీ వినిపిస్తోంది.

నేను తిరిగి మద్రసాకు వచ్చి నెలలయ్యాయి. పిల్లల పాఠాల రిజిస్టరు నా దగ్గర ఎప్పటిలాగే ఉంది. తప్పు జరిగితే తప్పని రాస్తాను. మొన్న ఒక కుర్రవాడు పాఠం మధ్య ఆగి, భయంతో నా ముఖం వైపు చూశాడు. నేను తల ఊపి, వేచి ఉన్నాను. కాసేపటికి వాడికే గుర్తొచ్చింది.