రైన్ ఒడ్డున కోటలు, మా దారిలో గడీ

జర్మనీలో రైన్ నది వెంట కోబ్లెంజ్ నుండి బింగెన్ వరకు కొండకొక కోట కనబడుతుంది. అరవై అయిదు కిలోమీటర్ల ఆ లోయను 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2018 వేసవిలో మా అబ్బాయి మమ్మల్నిద్దరినీ కారులో కూర్చోబెట్టుకొని ఆ దారిలోని ఊళ్ళన్నీ త్రిప్పాడు. చాలా చిన్న ఊళ్ళు. మన మండల కేంద్రాలే వాటికంటె పెద్దవి. ఒక చోట కొండమీది కోటను యువజనుల వసతిగృహంగా మార్చారు. ఇంకొకచోట 1797లో ఫ్రెంచి సైన్యం పేల్చివేయగా మిగిలిన మొండిగోడలే కోట. కౌబ్ అనే ఊరి ముందు నది నడుమ, లంగరు వేసిన ఓడలాగా ఒక సుంకపు కోట ఉన్నది. వచ్చేపోయే పడవలన్నీ అక్కడ ఆగి, సుంకం చెల్లించి కదలవలసినదట. పూర్వం రైన్ గట్టుమీది ప్రభువుల సంపదలో చాలా భాగం ఇటువంటి సుంకాలదే.

ఆ లోయలోని కొండకోటలలో ఎన్నడూ ధ్వంసం కానిది మార్క్స్‌బుర్గ్ ఒక్కటేనంటారు. అందులో వంటశాల, ద్రాక్షాసవం నిలువచేసే గదులు చూచి, చివరకు సంకెళ్ళు, బొండకొయ్యలు పెట్టిన గదికి వచ్చాము. అప్పటిదాకా కాళ్ళనొప్పి తప్ప మరొక మాట ఎత్తని మా ఇంటావిడ అక్కడ ఆగిపోయింది.

"గీటితోని ఎవల్ని కట్టేసేటోళ్ళట?" అని అబ్బాయిని అడిగింది. వాడు పలక మీద వ్రాసినది చదివి చెప్పాడు.

"గిసొంటిది మా ఊర్ల గూడ ఉన్నది. టిక్కెట్టు లేదు గని, మేమెన్నడు లోపటికి పోలేదు" అన్నది.

పెళ్ళయిన ముప్పై అయిదేళ్ళలో ఆ మాట నేను వినడం అదే మొదలు. గడీ ఆ ఊళ్ళో ఉన్నదని నాకు తెలుసు. ఆమె దానిలో అడుగు పెట్టలేదన్నది తెలియదు. అంతకుముందు అడగవలసిన సందర్భమూ రాలేదు.

కిందటి ఏడు మాఘమాసంలో, ఎండలు ముదరక ముందే, కరీంనగరం నుండి బయలుదేరి జగిత్యాల, కోరుట్ల, వేములవాడ, సిరిసిల్లల మీదుగా ఒక చుట్టు తిరిగి వచ్చాము. మొత్తం రెండు వందల కిలోమీటర్లకు లోపే. కారు నేనే నడిపాను. పదవీ విరమణ తరువాత నేర్చిన విద్య కనుక నలభై దాటదు నా వేగం. వెనుక నుండి వచ్చే లారీవాళ్ళు నన్ను ఏమని దీవించారో ఇక్కడ వ్రాయలేను.

గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట వద్ద ఆగకుండా ఒక తెలుగు పండితుడు ముందుకు పోలేడు. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో ఆ బండమీద జైనమూర్తులను చెక్కించి, సంస్కృత కన్నడాలతో పాటు తెలుగులో మూడు కంద పద్యాలు వేయించాడు. నన్నయకు దాదాపు నూరేండ్ల ముందటి కందాలు! అన్నగారు వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడ భారతం వ్రాసినవాడు. ఆ అరికేసరి కోట ఏదని నన్నడిగితే చూపలేను, తమ్ముని పద్యాలు మాత్రం బండమీద ఉన్నాయి. మా ఆవిడ మోకాళ్ళు ఆ ఎక్కుడుకు ఒప్పుకోలేదు. క్రింద చెట్టునీడలో కూర్చొని, నేను దిగివచ్చేసరికి జామకాయలు కోసి ఉప్పుకారం అద్ది ఉంచింది.

జగిత్యాల కోటను చూచినవారికి అది మన దేశపు కోటల పోలికలో లేదని వెంటనే తెలుస్తుంది. నేల మీద నక్షత్రం గీసినట్లు ఉంటుంది, చుట్టూ కందకం. 1747లో జఫరుద్దౌలా అనే ఇబ్రహీం ఖాన్ ధంసా దీనిని కట్టించాడనీ, ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించాడనీ చెబుతారు. ఆ ఇద్దరి పేర్లు జాక్, టాల్ అట. జాక్‌టాల్ కాస్తా జగిత్యాల అయిందట! వ్యుత్పత్తి చెప్పడం మా వృత్తి కనుక అంటున్నాను, ఇంత సులువైన వ్యుత్పత్తిని నేను నమ్మను. పొలవాస పాలకుడు జగ్గదేవుని పేరు ఇందులో ఉందనేవారూ ఉన్నారు. నా మనసు అటే మొగ్గుతుంది.

పేరు సంగతి ఎలా ఉన్నా కోట పన్నుగడ మాత్రం ఐరోపాదే. గుండ్రని బురుజు అడుగున శత్రువు నక్కితే పైవానికి కనబడడు. ఫిరంగులు వచ్చిన తరువాత ఎత్తైన గోడకు దెబ్బ తగలడమూ సులువు. అందుకని గోడ ఎత్తు తగ్గించి, మందం పెంచి, బురుజులను కోణాలుగా బయటికి పొడిచారు. ఒక కోణంలో నిలబడినవాడు ప్రక్క గోడ పొడవునా కాల్చగలడు; శత్రువు దాగడానికి చోటుండదు. రైన్‌కే ఆవలి ఒడ్డున ఫ్రాన్సులో నఫ్ బ్రిసాక్ అనే ఊరికి పదిహేడవ శతాబ్ది చివర వోబాన్ వేసిన పథకం కూడా ఇటువంటిదే. ఎలగందులలో ఊగే మినార్ల మసీదు కూడా ఈ జఫరుద్దౌలాదే. ఆ కోట కరీంనగరం వారికి పెరడు వంటిది. ఈసారి దానిని పెట్టుకోలేదు.

జగిత్యాల గోడమీద నిలబడి నేను ఈ వివరమంతా చెబుతుంటే ఆమె ఓపికగా విన్నది. చివరకు "గిప్పుడు ఎవలు ఎక్కడ నిలబడ్డా కనబడుతరన్నట్టు. మా గడీ బురుజు గూడ గంతే. పొలంల కలుపు తీస్తున్నా కనబడుతుండె" అన్నది. నేను కోటను యుద్ధం కోసం కట్టినదిగా చెబుతున్నాను. ఆమె చూస్తున్నది వేరు.

కోరుట్లలో నేను ఆరేళ్ళు పనిచేశాను. ఆ ఊళ్ళో నా చిన్న జీతానికి తోడు ఈమె చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేది. ఇప్పటికీ వీధి అరుగుల మీద చాటలు కనబడుతున్నాయి. కనబడనిది మగవాళ్ళు. దుబాయి, మస్కటు, సౌదీ అరేబియాల డబ్బుతో కట్టిన రెండంతస్తుల మేడలకు రంగురంగుల పలకలు, ఇత్తడి పిడులు, ఎత్తైన ఇనుప గేట్లు. ఒక మేడలో నా పూర్వ విద్యార్థి తల్లి ఒక్కతే ఉంటున్నది. పై అంతస్తు తాళం తీసి రెండేళ్ళయిందట. క్రింద గదిలో మంచం, పొయ్యి, టీవీ. "మెట్లెక్కస్తలేదు సారూ, ఇల్లైతే పెద్దదే" అన్నది. మాకు చాయ పోసి, కొడుకుకు ఫోను కలిపి చూపింది. అతడు ఎండలో ఇనుప చట్రం మీద నిలబడి ఉన్నాడు. నేను చెప్పిన పాఠంలో ఏదో పద్యం తనకింకా వచ్చునన్నాడు గాని, వెనుక ఎవరో కేక వేయడంతో ఫోను పెట్టేశాడు.

కోరుట్ల నుండి వేములవాడకు పోయే దారిలో ఉన్నది మా అత్తవారి ఊరు. పేరు వ్రాయను, గడీ వారి వారసులు ఎక్కడో మర్యాదగా బ్రతుకుతున్నారు. ఆ ప్రాంతంలో 1978 దాకా వెట్టి ఏదో ఒక రూపంలో సాగింది. ఆ ఏడు సెప్టెంబరు 9న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొరలు ఒక్కొక్కరే పట్నాలకు తరలిపోయారు. ఈమెకు అప్పుడు పన్నెండు పదమూడేళ్ళు. మా అత్తగారు దొరసాని వడ్లు దంచడానికి గడీకి పోతే, బిడ్డ దర్వాజ బయట చింతచెట్టు క్రింద కూర్చొని తల్లి కోసం కనిపెట్టుకొని ఉండేది.

గడీ ముందు చెప్పులు తొడుక్కొని నడవరాదన్నది అప్పటి కట్టడి. "మీ అమ్మ కూడా విడిచేదా?" అని అడిగాను.

"మా అవ్వకు చెప్పులెక్కడియి, ఇడిచేటందుకు?"

కారు చెట్టు క్రింద ఆపాను. దర్వాజకు తలుపులు లేవు. బురుజులో సగం కూలి మేకలకు మెట్ల వలె ఉపయోగపడుతున్నది. గోడ నిండా పిడకలు. మా ఆవిడ గడప దాకా వచ్చి ఆగింది. వంగి చెప్పు పట్టీ మీద చేయి వేసింది. జర్మనీలో మోకాళ్ళ నొప్పికని అబ్బాయి కొనిచ్చిన మెత్తని చెప్పులవి. నేనేమీ అనలేదు. లోపల మేకలు కాస్తున్న ముసలాయన అక్కడినుండే కేక వేశాడు:

"చెప్పులు ఇడువకు బిడ్డా, అంత పల్లేరు ముండ్లే!"

ఆమె లేచి నిలబడి, కొంగు సర్దుకొని, లోపలికి నడిచింది. నేను బయటనే ఉన్నాను. అరగంట పట్టింది. వడ్లు దంచిన చోటు ఎక్కడో ముసలాయనను అడిగి చూచి వచ్చినట్లున్నది. చీర కుచ్చెళ్ళకు పల్లేరుకాయలు అంటుకొని ఉన్నాయి. కారులో కూర్చొని ఒక్కొక్కటి తీస్తూ వేములవాడ దాకా మాట్లాడలేదు. నేనూ పలుకరించలేదు.

సిరిసిల్ల చేరేసరికి దీపాలు పెట్టే వేళ. ఊరు కనబడక ముందే మరమగ్గాల చప్పుడు వినబడుతుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు గారి ఊరు ఇది. నేసినవారే బాకీలతో ప్రాణాలు తీసుకున్న ఊరూ ఇదే. ఒక కార్ఖానాలో తువ్వాలలు కొనడానికి ఆగాము. మగ్గాలు నాలుగింటిని ఒక్కడే చూచుకుంటున్న పెద్దమనిషి ఆ చప్పుడులో గొంతు పెంచి, ఎక్కడినుండి వస్తున్నారని అడిగాడు.

"గడీ చూసి వస్తున్నం" అన్నది మా ఆవిడ.

"గడీల ఏమున్నదమ్మా చూసేటందుకు?"

"ఏం లేదు. రోకలి గుంతలు రెండున్నయి" అని, తువ్వాలల అంచులు వెలుగుకు పట్టి చూచి, రెండు ఎక్కువే తీసుకున్నది.