తీగలో నాదం లేదు

మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. నటుడు రాగం ఎత్తుకోకముందే శ్రుతి అందించడం, పద్యం చివర అతని ఊపిరిని కనిపెట్టి ఆగడం ఆయన విద్య. హార్మోనియంపై గమకం పలకదన్న ఆక్షేపణను జీవితమంతా విన్నారు. 1940లో ఆకాశవాణి ఆ వాద్యంపై విధించిన నిషేధం 1971 దాకా సడలలేదు. ఆ ప్రస్తావన వస్తే ఆయన వాదించేవారు కాదు. "లోపం మెట్లదైతే కావచ్చు, చేతిది కాకుండా చూసుకోవాలి" అనేవారు.

1996 నాటికి తిత్తి ఊదే ఎడమచేయి ఆయనకు సహకరించడం మానేసింది. 88 మెట్ల డిజిటల్ పియానో ఒకటి కొన్నాను. నాన్నగారు నాలుగు రోజులు వాయించి మూత వేశారు. పియానో స్వరం మోగిన మరుక్షణం నుంచి క్షీణిస్తుంది. ఆయనకు కావలసింది నిలిచే స్వరం. తెలిసినవారి సలహాపై ఒక సౌండ్ మాడ్యూల్ తెచ్చాను. దానికి మెట్లు లేవు. పెట్టె నిండా స్వరాలే. పియానో 'అవుట్' నుంచి మాడ్యూల్ 'ఇన్'కు ఒక తీగ కలపాలి.

ఆ తీగలో నాదం ప్రవహించదని తెలిసి ఆశ్చర్యపోయాను. ఏ మెట్టు, ఎంత బలంతో, ఎప్పుడు నొక్కారో, ఎప్పుడు వదిలారో, అంతే వెళుతుంది. మధ్యస్థాయి 'సి' మెట్టు సంఖ్య 60. బలం 127 వరకు. మెట్టు నొక్కిన వార్త సుమారు సెకనులో వెయ్యోవంతులో చేరుతుంది. ఫైళ్ళ మధ్య బతికిన నాకు విషయం సులువుగానే బోధపడింది: పియానో ఉత్తర్వు రాస్తుంది, మాడ్యూల్ అమలు జరుపుతుంది.

ఉత్తర్వు తప్పు చిరునామాకు పోతే ఏమవుతుందో మొదటి రోజే చూశాం. ఈ భాషలో 16 చానళ్ళుంటాయి. మా పియానో నా పొరపాటున పదో చానల్‌లో పలికింది. అది తాళవాద్యాలది. నాన్నగారు షడ్జం నొక్కితే డప్పు మోగింది. దాన్ని సరిచేస్తే ఒకే మెట్టుకు రెండు గొంతులు పలికాయి: పియానో సొంత గొంతు, మాడ్యూల్ గొంతు. 'లోకల్ కంట్రోల్' ఆపితే పియానో మౌనం వహించి, కేవలం ఆజ్ఞలు పంపడం మొదలుపెట్టింది.

1991లో ఏర్పడిన జనరల్ మిడి పట్టికలోని 128 స్వరాలలో సితారు 105వది, షెహనాయి 112వది. హార్మోనియం లేదు. "ఇక్కడా ప్రవేశం లేదన్నమాట" అని నవ్వారు నాన్నగారు. 21వదైన రీడ్ ఆర్గాన్‌ను దగ్గరి చుట్టంగా స్వీకరించాం. స్వరం నిలిచింది గాని, అందులో ఊపిరి లేదు. ఆయన ఎడమచేయి అలవాటుగా వెనక్కి వెళ్ళి, తిత్తి కోసం గాలిలో తడుముకునేది. చివరకు పాదంతో నొక్కే పెడల్‌ను ధ్వని హెచ్చుతగ్గులను నియంత్రించే 11వ సంఖ్యకు కేటాయించాను. చేతిలోని ఊపిరి కాలికి దిగడానికి నెల పట్టింది. ఆపై సాయంత్రాలు మా ఇంట్లో మళ్ళీ నాటకం నడిచింది, నటులు లేకుండా. ఆయన వాయించినవి కొన్ని ఆ సందేశాల రూపంలోనే భద్రపరిచాను.

నాన్నగారు 2004లో గతించారు. కొన్నేళ్ళకు మాడ్యూల్ కూడా మూగబోయింది. కాని 1983లో ఇకుటారో కకెహాషి, డేవ్ స్మిత్ వంటివారు పోటీ సంస్థలను ఒప్పించి నిలబెట్టిన ఆ ఉమ్మడి భాష మూగబోలేదు. 2020లో దానికి రెండో రూపం వచ్చినా మొదటిది చెల్లుబాటులోనే ఉంది. కంప్యూటరులోని మరొక గొంతుకు ఆ పాత సందేశాలను అప్పగించాను.

వినిపించిన నాదం ఆయనది కాదు. నిజానికి ఏనాడూ కాదు. పద్యం ముగిసే చోట ఒక ఖాళీ వచ్చింది. ఎదురుగా నటుడు లేడు. అయినా అతని ఊపిరి కోసం నాన్నగారు ఆగారు. ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగి, తరువాతి స్వరం అందించారు.