ఓడెక్కే ముందు రాత్రి

సముద్ర ప్రయాణం అనగానే మనవాళ్లకు తుపాను, టైటానిక్ గుర్తొస్తాయి. ఓడెక్కే ముందు ముక్కూమొహం తెలియని నగరంలో గడపాల్సిన ఒక్క రాత్రి గురించి ఎవరూ ఆలోచించరు. మా పిన్ని మాత్రం ఆలోచించింది. ఆమె భయమంతా దొంగల గురించే.

యానాంలో పుట్టిన నాకు ఉద్యోగం వల్ల బాహూరు సొంతూరయింది. పుదుచ్చేరికి దక్షిణాన 20 కిలోమీటర్ల దూరంలో పెద్ద చెరువు, చోళుల నాటి మూలనాథర్ ఆలయం, చుట్టూ వరి పొలాలున్న ఊరిది. యానాం, బాహూరు రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతం. మధ్య దూరం మాత్రం 800 కిలోమీటర్ల పైమాటే.

ఓడ మా ముంగిట్లోకి రావడానికి చాలాకాలమే పట్టింది. 2022 జూన్‌లో చెన్నై నుంచి బయల్దేరిన విహార నౌక విశాఖ చూసుకుని పుదుచ్చేరి దాకా వచ్చింది. అందులోని కేసినోపై వివాదం రేగడంతో ప్రయాణికులు దిగడానికి అనుమతి దక్కలేదు. 2025 జులైలో మళ్లీ వచ్చినప్పుడు సముద్రంలో లంగరేసి, జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చారు. ఈ మధ్యలో, 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు ఓడ మొదలైంది. ఆ ఏడాదే మా బాబాయి, పిన్ని టికెట్లు కొన్నారు. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో మా ఇంటికొచ్చి రెండు రోజులున్నారు. తర్వాత ఒక రాత్రి చెన్నైలో బస, మర్నాడు ఓడ.

"అదే రోజు పొద్దున్నే బయల్దేరితే పోలా? లాడ్జి ఖర్చు దండగ" అన్నాడు బాబాయి. ఈసీఆర్ మీద ఎక్కడ ట్రాఫిక్ ఆగినా ఓడ ఆగదు. బస్సు తప్పితే ఇంకో బస్సుంటుంది. ఓడ తప్పితే ఇంటిదారే. అందుకే ముందురోజు పొద్దున, వెలుతురుండగానే చెన్నై చేరేలా టాక్సీ మాట్లాడాను. లాడ్జి కూడా ఎగ్మోర్‌లోనే చూశాను. రేవు అక్కడికి దగ్గర.

పిన్ని నాలుగు పేటల గొలుసు మా బీరువాలోనే ఉండిపోయింది. పాస్‌పోర్టుల జిరాక్సులు వేరే సంచిలో పెట్టించాను. బాబాయి ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. రేవులో పెద్ద సూట్‌కేసులు తీసేసుకుంటారు, అవి గదికి చేరేసరికి గంటలు పట్టొచ్చు. అందుకని మందులన్నీ చేతిసంచిలోకి మార్చాం. చివరగా ఓ అట్టముక్క మీద తమిళంలో నాలుగు ముక్కలు రాశాను: పేరు, లాడ్జి చిరునామా, షుగర్ జబ్బు, నా ఫోన్ నంబరు. "తప్పిపోయిన పిల్లాడి మెళ్లో పలకలా ఏంట్రా ఇది?" అని విసుక్కుంటూనే బాబాయి దాన్ని జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం 7 గంటలకు నా ఫోన్ మోగింది. కొత్త నంబరు. టి.నగర్ రంగనాథన్ వీధిలో ఓ బట్టల దుకాణం వాచ్‌మన్ మాట్లాడుతున్నాడు. చీరల బేరంలో పడి ఇద్దరూ టిఫిన్ సంగతి మర్చిపోయారు. ఇన్సులిన్ మాత్రం వేళకే వేసుకున్నాడట. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. పిన్నికి తమిళం రాదు. ఆ కంగారులో ఆమెకు బాబాయి జేబులోని అట్టముక్క గుర్తొచ్చింది. అది చదివిన వాచ్‌మన్ పక్క కొట్టు నుంచి పంచదార దట్టంగా వేసిన పాలు తెప్పించి తాగించాడు. పావుగంటకు మనిషి తేరుకున్నాడు. వెంటనే ఇడ్లీ తినిపించమని చెప్పాను. స్పృహ తప్పి ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయడమే.

ఈ గొడవలో పాస్‌పోర్టులున్న చేతిసంచిని పిన్ని మెట్ల మీదే వదిలేసింది. గుర్తొచ్చి గుండె బాదుకుంటూ వెనక్కి తిరిగితే, అక్కడ పూలమ్మే ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. పొద్దున్నుంచీ పిన్ని ఎవరిని చూసి సంచి గుండెకు అదుముకుందో సరిగ్గా అలాంటి మనిషే.

అలాగని నగరంలో జేబుదొంగలు లేరని కాదు. రద్దీలో సంచి ముందువైపే వేసుకోవాలి, ఆటో ఎక్కకముందే బేరం తేల్చుకోవాలి, 112 నంబరు గుర్తుండాలి. కానీ పెద్దవాళ్లను ముందుగా దెబ్బతీసేది ఆకలి, అలసట, ఎండ, తొందర. వీటికి పోలీసులు అక్కర్లేదు. వేళకు భోజనం, చేతిలో కాస్త వ్యవధి, స్థానిక భాషలో రాసిన ఓ చీటీ చాలు.

ఇంకో సంగతి. పుదుచ్చేరిలో కొద్ది గంటలుండే యాత్రికులు వీధుల్లో సంచి తడుముకుంటూ నడుస్తారు. తీరా సముద్రం కనబడగానే చెప్పులొదిలి దిగిపోతారు. మా తీరంలో అలలు చూసినంత మంచివి కావు. ఈత వచ్చినవాళ్లనూ లోపలికి లాగేస్తాయి. అపరిచిత మనిషిని అనుమానించి, అపరిచిత సముద్రాన్ని నమ్మడం మనకు అలవాటైపోయింది.

మర్నాడు ఓడెక్కాక పిన్ని ఫోన్ చేసింది. బాబాయి టిఫిన్ చేశాడట, మందులు చేతిసంచిలోనే ఉన్నాయట. తర్వాత అసలు సంగతి అడిగింది: "ఒరే, ఆ పూలావిడకి శ్రీలంక నుంచి ఏం తెస్తే బావుంటుంది?"