నీరు పోయిన లోయ

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు అంచున ఇన్యో యను ఎడారి జిల్లా కలదు. ఇది 1866లో ఏర్పడెను. దీని పడమటి హద్దున 14,505 అడుగుల విట్నీ శిఖరమును, తూర్పున సముద్రమట్టమునకు 282 అడుగులు దిగువనున్న మృత్యులోయయు గలవు. ఈ రెంటికి నడుమ నూఱు మైళ్లయినను లేవు.

పడమట సియెర్రా పర్వతములు మేఘముల నడ్డగించుటచే ఇచట వాన స్వల్పము. కొండమంచు కరగి పాఱు ఓవెన్స్ నదియే లోయకు ప్రాణము. పైయూట్ జాతివారు పూర్వమే కాలువలు త్రవ్వి అడవిదుంపల నేలలను తడుపుకొనుచుండిరి.

1913లో లాస్ ఏంజిలిస్ నగరము 233 మైళ్ల కాలువ కట్టి ఆ నదీజలమును గొనిపోయెను. గంగను దెచ్చిన భగీరథుని మనము కొనియాడుదుము. ఇచట నొక యూరి గంగ వేఱొక యూరికి కఱవైనది. 1924 నవంబరులో లోయవాసులు కాలువ తూమును పట్టుకొని, నాలుగు దినములు నీటిని తమ లోయలోనికి మరల్చిరి. స్త్రీలును అన్నపానములతో నచటికి వచ్చిరి. అయినను నీరు దక్కలేదు. 1926 నాటికి ఓవెన్స్ సరస్సు ఎండిపోయి, ఉప్పుధూళి గాలికి లేచి జనుల యూపిరి కడ్డుపడెను. 2001 మొదలు ఆ నగరమే సరస్సు అడుగున నీరు పాఱించి ధూళి నణచుచున్నది.

కొళాయి త్రిప్పునపుడు ఈ నీరు ఏ యూరిదో బిడ్డలకు దెలుపుట తల్లుల విధి యని మేము తలంచుచున్నాము.