నరసాపురంలో దారపు ఉండ, కొక్కెం సూది

భీమవరం నుంచి వచ్చే రైలు నరసాపురంతో ఆగిపోతుంది. ఆ పైన ఉన్నది గోదావరి. వశిష్ఠ పాయ సముద్రానికి చేరువై, ఇక్కడ నిండుగా, వెడల్పుగా పారుతుంది. రేవులో పంటు ఎక్కితే ఆవలి ఒడ్డు సఖినేటిపల్లి. అంతర్వేది నరసింహస్వామి దర్శనం తొందరలో నరసాపురాన్ని కన్నెత్తి చూడకుండా దాటిపోయే యాత్రికులు చాలామంది. నేను మాత్రం ఈసారి పంటు ఎక్కలేదు. మా వదిన పుట్టిల్లు ఈ ఊరే. ఆమె వెంట వీధి అరుగులన్నీ తిరిగాను.

ఊరు పాతది. 17వ శతాబ్దంలో ఇక్కడ ఓడలు కట్టేవారు. పక్కనున్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీవారి వర్తకస్థానం ఉండేది. అక్కడినుంచి ఓడలెక్కిన మెత్తని నూలుబట్టకు ఆ పాలెం పేరే నోరు తిరగక 'మాడపొల్లం' అయి, ఐరోపా నిఘంటువుల్లో నేటికీ నిలిచి ఉంది. నేసినవారి పేర్లు మాత్రం ఏ నిఘంటువూ ఎక్కలేదు.

నేను చూడ వచ్చింది నేత కాదు, అల్లిక. గోదావరి సీమకు లేసు అల్లిక 1844లో దుమ్ముగూడెంలో మెక్రే దంపతులనే స్కాట్లండు మిషనరీల ద్వారా వచ్చిందని చెబుతారు. నేర్పింది దొరలైనా, నిలబెట్టింది మన ఆడవాళ్ళే. నరసాపురం, పాలకొల్లు చుట్టుపట్ల పల్లెల్లో తల్లినుంచి కూతురికి, అత్తనుంచి కోడలికి ఇది నడిచి వచ్చింది. మగ్గం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. ఒక దారపు ఉండ, కొస వంగిన ఒక సూది. ఎసరు పెట్టి ఒక వరస, అన్నం వార్చి ఒక వరస, ఉయ్యాల ఊపుతూ ఇంకో వరస!

వదిన నన్ను వాళ్ళ పక్కింటి పిన్నిగారి అరుగు మీద కూర్చోబెట్టింది. మజ్జిగ చెంబు మీద వేసే మూతగుడ్డ అల్లడం అక్కడే నేర్చుకున్నాను. మన ఇళ్ళలో రోజూ పనికివచ్చేది, ఖర్చు లేనిది, చెబుతాను వినండి. ఆరు గొలుసు కుట్లు వేసి, రెండు కొసలూ కలిపితే చిన్న వలయం అవుతుంది. అందులో 12 కాడలు వేయాలి. కాడ అంటే, దారం సూదికి ఒకసారి చుట్టి, వలయంలోకి దూర్చి, దారాన్ని పైకి లాగి, సూది మీద నిలిచిన మూడు చుట్లనూ రెండేసి చొప్పున విడిపించడం. వరస మొదట్లో మూడు గొలుసు కుట్లు వేస్తే అది ఒక కాడ కింద లెక్క. రెండో వరసలో కాడకు రెండేసి, మొత్తం 24. మూడో వరసలో ఒకటి విడిచి ఒకదానిలో రెండేసి, మొత్తం 36. అలా వరసకు 12 పెంచుకుంటూ చెంబు మూతికి రెండు వేళ్ళు మించేదాకా పోవాలి.

"తగ్గిస్తే గిన్నెలా ముడుచుకుంటుందండీ. ఎక్కువ వేస్తే కుచ్చిళ్ళు పడుతుంది. బల్లమీద పరుస్తూ చూసుకోండి" అన్నారు పిన్నిగారు. ఆవిడ మాత్రం పరచి చూడలేదు. నాతో మాట్లాడుతూ, వీధిలో పోయే కూరలబ్బిని కేకేస్తూ, చేతివంక చూడకుండానే అల్లుకుపోతున్నారు.

"ఎవరికండీ ఇవన్నీ?" అన్నాను.

"ఎవరికో! దారం ఇచ్చినాయన పట్టుకుపోతారు."

వ్యాపారి తరఫున వచ్చే మనిషి దారం ఇచ్చి, అల్లిన ముక్కలు తీసుకుని, అయిన దారాన్ని బట్టి కూలి కడతాడు. ఒకరు పువ్వులే అల్లుతారు, మరొకరికి ఆ పువ్వుల్ని కలిపే అతుకుపని. చివరికి ఆ బల్లగుడ్డ ఏ దేశంలో ఏ బల్ల మీద పరుస్తారో ఇద్దరికీ తెలియదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికి వచ్చి, వీరి బతుకు చూసి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రకటించారు. ఇంట్లో కూర్చున్న ఇల్లాలు తీరికవేళ చేసే పని అని పేరు పెట్టడంవల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె వాదం. సరకు ప్రపంచానికి, లెక్క మాత్రం కాలక్షేపానికి!

ఈ మాట చెబితే వదిన సూది పక్కన పెట్టేసింది. "తీరికా? ఈ వీధిలో తీరిగ్గా ఉన్న ఆడదాన్ని ఒక్కదాన్ని చూపించు, నీకు పూతరేకులు పెడతాను" అంది. నేను చూపించలేకపోయాను. పూతరేకులు దక్కలేదు.

ఈ మధ్య కొంత కదలిక లేకపోలేదు. ఊరిని ఆనుకున్న రుస్తుంబాదలో లేసు పార్కు పెట్టారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇతరచోట్ల చేసిన సరకును ఈ పేరుతో అమ్మకూడదన్నమాట. మంచిదే. అయితే ఆ గుర్తింపు వల్ల పెరిగిన ధరలో అరుగు దాకా చేరేది ఎంతో చూడాలి. యంత్రపు లేసు చవకగా వచ్చి పడుతున్న రోజుల్లో, చేతి అల్లికను దాని పక్కన పెట్టి బేరమాడడం నాకు నచ్చదు. మీరే ఒక చెంబుమూత మొదలుపెట్టి చూడండి. నాకు మూడు సాయంకాలాలు పట్టింది, నాలుగో వరస దగ్గర మెడ పట్టేసింది కూడా.

అల్లిక పూర్తయ్యాక సబ్బునీళ్ళలో నలపకుండా ముంచి తీసి, పలచని గంజిపెట్టి, తువ్వాలు మీద గుండ్రంగా సాగదీసి, చుట్టూ గుండుసూదులు గుచ్చి నీడన ఆరనివ్వాలి. పిండితే ఆకారం పోతుంది. ఆ తరువాత అంచున పూసలు కుట్టాలి. అవి అందానికే కాదు, గాలికి గుడ్డ లేచిపోకుండా బరువుకు. ఎనిమిది చాలునన్నారు పిన్నిగారు. "పిల్లలున్న ఇల్లైతే పన్నెండు కుట్టండి, నాలుగు ఎలాగూ పీకేస్తారు" అని కూడా అన్నారు.