చాకులియాలో మిగలని సమాధి

టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్ వైపు సాగే రైలు ఘాట్‌శిలా, ధాల్భూంగఢ్‌లను దాటి చాకులియా అనే చిన్న స్టేషనును చేరుకుంటుంది. ఎర్రని నేల, సాలవృక్షాలు, అక్కడక్కడ వరిమళ్ళు. జంషెడ్‌పూర్‌లో స్థిరపడి, ఖరగ్‌పూర్ మీదుగా స్వస్థలాలకు రాకపోకలు సాగించిన తెలుగు కుటుంబాలకు ఈ పేరు కొత్తది కాదు. అయితే ఈ నేలమీదనుంచి ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద బాంబర్ విమానాలు ఎగిరాయనీ, వాటిలో వెళ్ళిన యువకులు ఎందరో తిరిగి రాలేదనీ తెలిసినవారు తక్కువ.

1942లో బర్మా జపాను వశమైంది. ఆ డిసెంబరులో కలకత్తా మీద బాంబులు పడ్డాయి. యుద్ధ వాహనాలకు కవచపు రేకులు పోతపోస్తున్న జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం తదుపరి లక్ష్యం కావచ్చునన్న భయం నగరాన్ని ఆవరించింది. ఆ బాంబులు ఇక్కడ పడలేదు. కాని యుద్ధం మరొక రూపంలో పొరుగుకే వచ్చింది. 1944 ఏప్రిల్ 2న అమెరికా వైమానిక దళానికి చెందిన మొదటి బి-29 విమానం చాకులియాలో దిగింది.

రెక్కల కొనలమధ్య 141 అడుగులు; నాలుగు ఇంజన్లు; పదకొండుగురు సిబ్బంది. తొందరలో తయారై యుద్ధానికి వచ్చిన యంత్రం అది. దాని ఇంజన్లు ఇట్టే వేడెక్కి మంటలు అంటుకునేవి. సింగ్‌భూం వేసవి ఆ లోపానికి ఆజ్యం పోసింది. మధ్యాహ్నానికి లోహం ముట్టుకుంటే చెయ్యి కాలేది. చైనాలోని స్థావరాలకు కావలసిన పెట్రోలును, బాంబులను కూడా ఈ విమానాలే హిమాలయాలమీదుగా సుమారు 1,200 మైళ్ళు మోసుకుపోవలసి వచ్చేది. శత్రువు కనబడకముందే ప్రాణాలు పోవడానికి ఇన్ని కారణాలు చాలు.

ఆ పదకొండుగురిలో ఒక్కడిని తలచుకుందాం: తోక చివర కూర్చునే గన్నర్‌ను. విమానం ముందు గదికీ, వెనుక గదికీ మధ్య, బాంబుల అరమీదుగా, మనిషి పాకి వెళ్ళగల సొరంగం వంటి గొట్టం ఉండేది. అతడి గదికి ఆ పాటి దారి కూడా లేదు. విమానం ఎత్తుకు చేరి లోపలి గదులలో గాలిపీడనం నింపిన తరువాత అతడు ఒంటరి. సహచరులు అతడికి చెవిలో వినిపించే గొంతులు మాత్రమే. మిగిలినవారు వెళ్ళే దిక్కును చూస్తుంటే, అతడు విడిచివచ్చిన దిక్కును చూస్తూ గంటలకొద్దీ కూర్చునేవాడు. ఇరవై ఏళ్ళు నిండీ నిండనివారు ఎందరో ఆ ఆసనంలో కూర్చున్నారు.

1944 జూన్ 5న ఈ స్థావరాలనుంచి 98 విమానాలు బ్యాంకాక్‌లోని రైల్వే వర్క్‌షాపులపై దాడికి బయలుదేరాయి. ఇది బి-29ల మొట్టమొదటి యుద్ధయాత్ర. వాటిలో ఒకటి నేలవిడిచిన వెంటనే కూలిపోయింది. అందులోని యువకులకు యుద్ధం కొన్ని నిమిషాలయినా సాగలేదు.

పదిరోజుల తరువాత, జూన్ 15 రాత్రి, చైనామీదుగా జపానుకు వెళ్ళిన దాడికి లక్ష్యం యహతా పట్టణం. అక్కడ ఉన్నది జపాను దేశపు ప్రధాన ఉక్కు కర్మాగారం. ఒక ఉక్కు నగరపు పొరుగునుంచి బయలుదేరినవారు మరొక ఉక్కు నగరాన్ని కాల్చడానికి వెళ్ళారు. 47 విమానాలు యహతాపై బాంబులు కురిపిస్తే కర్మాగారానికి తగిలింది ఒక్కటే. ఏడు విమానాలు నష్టమయ్యాయి. జంషెడ్‌పూర్‌లో రాత్రి షిఫ్టుకు వెళ్ళే కార్మికుడి భార్య ఏ భయంతో మేలుకొని ఉండేదో, యహతాలో కొలిమిదగ్గర పనిచేసేవాడి భార్యకూ అదే భయం. తోకలో ఒంటరిగా కూర్చున్న యువకుడిపై జాలిపడేవారు దీనిని మరచిపోరాదు. అతడు మృత్యువాత పడినవాడే. మృత్యువును మోసుకుపోయినవాడు కూడా.

మరి ఆ మృతులు ఏమయ్యారు? బ్రిటిష్ కామన్‌వెల్త్ సైనికులను మరణించిన దేశంలోనే ఉంచడం వారి పద్ధతి. అందువల్లనే రాంచీలోని యుద్ధ శ్మశానవాటికలో ఏడువందలకు పైగా సమాధులు నేటికీ ఉన్నాయి. అధికారికీ, సామాన్య సైనికుడికీ ఒకే కొలత రాయి. చాలా రాళ్ళమీద మరణించిన తేదీ, వయస్సు. అడుగున ఇంటివారు కోరి చెక్కించిన ఒక చిన్న వాక్యం.

అమెరికన్ల పద్ధతి వేరు. యుద్ధానంతరం వారు భారతదేశంలోని తమ సమాధులను తవ్వి, అవశేషాలను తరలించుకుపోయారు. కొందరు స్వగ్రామాలకు చేరారు. ఎవరి అస్థికలు ఎవరివో వేరు చేయలేనప్పుడు సిబ్బందినంతా ఒకే సమాధిలో, ఒకే రాతికింద ఉంచారు. అటువంటి సమాధులు సెయింట్ లూయీ నగరం వద్ద వందలకొద్దీ ఉన్నాయి. నలుదిక్కుల ఉన్న తల్లిదండ్రులూ వచ్చి చూసుకోవడానికి దేశం నడుమనున్న ఆ చోటు అనువైనది. అసలు దొరకనివారి పేర్లు మనీలాలోని గోడలమీద ఉన్నాయి. ఆ గోడలపై 36 వేలకు పైగా పేర్లు ఉన్నాయి.

చాకులియాలో మిగిలింది రన్‌వే మాత్రమే. దానికోసం గంపలతో రాళ్ళు మోసిన చుట్టుపక్కల గ్రామాల స్త్రీపురుషుల పేర్లు ఏ గోడమీదా లేవు.

మహాలయ అమావాస్యనాడు తర్పణం విడిచే గృహస్థు, తన తాతముత్తాతలకు నీళ్ళు వదిలిన తరువాత, తమకంటూ నీళ్ళు విడిచేవారు లేనివారికోసం మరొక దోసెడు విడుస్తాడు. వారి పేరు, గోత్రం తెలియనక్కరలేదు. జంషెడ్‌పూర్‌ను ఒరుసుకొని పారే సువర్ణరేఖ ఘాట్‌శిలా మీదుగా సముద్రంవైపు సాగిపోతుంది. ఈ ఒడ్డున విడిచే ఆ చివరి దోసెడు నీటిలో, ఈ ఎర్రనేలమీద కూలిన యువకుడికీ, అతడి సహచరుల బాంబులకు యహతాలో బలియైనవారికీ, రాళ్ళు మోసిన కూలికీ కూడా చోటు ఉన్నది.